తిన్న కంచం ఎవరు కడగాలి?

పెళ్లయిన మర్నాడు పొద్దున్నే ఫంక్షన్ హాలు వెనక్కి వెళ్లి చూసేవాళ్లు తక్కువ. నేనూ ఎప్పుడూ చూడలేదు. మొన్న మాఘంలో మా అక్క కూతురి పెళ్లయింది. ఆ హడావిడిలో వెండి కుంకుమ భరిణె ఎక్కడో జారిపోయింది. దాన్ని వెతకడానికి మర్నాడు ఆరు గంటలకే ఒక్కదాన్నే హాలుకు వెళ్లాను. వాచ్‌మన్ అప్పుడే నిద్ర లేచినట్టున్నాడు. "ఊడ్చిందంత ఎనకకు పోసిన్రు మేడమ్, ఆడ చూడుండ్రి" అన్నాడు.

వెనక ప్రహరీగోడకు ఆనుకుని నడుమెత్తు కుప్ప. రాత్రి అందరం మెచ్చుకుంటూ తిన్న బగారన్నం, వంకాయ కూర, డబల్ కా మీఠా అన్నీ ప్లేట్ల మధ్య నలిగి పులుస్తున్నాయి. అప్పటికే వాసన మొదలైంది. రెండు ఆవులు మూతి లోపలిదాకా పెట్టి తింటున్నాయి. కుప్ప అంచున ఒకామె కొంగు నడుముకు బిగించి, ఉత్త చేతులతో నీళ్ల సీసాలు ఏరుతోంది. ప్రతి సీసా మూత తిప్పడం, మిగిలిన నీళ్లు నేల మీద వంపడం, సంచిలో వేయడం. కాసేపటికి ఆమె కాళ్ల దగ్గర చిన్న బురదమడుగు తయారైంది. అదంతా మా చుట్టాలు ఒకటి రెండు గుక్కలు తాగి వదిలేసిన మంచినీళ్లు.

భరిణె సంగతి చెబితే ఆమె కూడా వెతికింది. దొరకలేదు. వెళ్లబోతుంటే, "ఓ మాట అడుగుత అక్కా, ఏమనుకోకు" అంది. "తిన్నంత తిని మిగిలింది ప్లేట్లనే ఉంచి పడేస్తిరి. గిండ్ల నేను ఏది తియ్యాలె? అన్నం తియ్యాల్నా, ప్లేటు తియ్యాల్నా?"

నా దగ్గర జవాబు లేదు. ఇంటికి వచ్చాక కాగితం తీసుకుని లెక్క రాశాను. ఒక్క మనిషి భోజనానికి ఒక ప్లేటు, స్వీటుకు ఒక కప్పు, సూపుకు ఇంకో కప్పు, ఒక స్పూను, ఐస్‌క్రీం కప్పు, దాని పుల్ల, నీళ్ల సీసా, టిష్యూ కాగితం. ఎనిమిది వస్తువులు. వచ్చినవాళ్లు ఎనిమిది వందల మంది. మొత్తం 6,400. ఒక్కోటి మన చేతిలో ఉన్నది మహా అయితే పావుగంట.

పర్యావరణం గురించి ఈమధ్య ఎక్కడ చూసినా ఏదో ఒకటి కొనమనే సలహానే కనిపిస్తుంది. వెదురు బ్రష్షు కొనండి, గుడ్డ సంచి కొనండి, వక్క ప్లేట్లు కొనండి. ఆ కుప్ప దగ్గర నిలబడినప్పటి నుంచి నాకు ఒకటే అనిపిస్తోంది. ఇది కొనుగోలుతో తేలే విషయం కాదు, పనికి సంబంధించిన విషయం. తిన్న కంచం కడగడం ఒక పని. ఆ పనిని ఎవరో ఒకరు వద్దనుకున్నారు. వద్దనుకున్న పని మాయమైపోలేదు, గోడ వెనక్కి వెళ్లి ఇంకొకరి మెడకు చుట్టుకుంది.

ఇస్తార్లు కుట్టిన కాలం

మా ఇంట్లో పెళ్లంటే ఎండాకాలం నుంచే పని మొదలయ్యేది. మోదుగ చెట్టు ఫాల్గుణంలో ఆకంతా రాల్చేసి ఒళ్లంతా నిప్పురంగు పూలతో నిలబడుతుంది. ఆ పూలు ఉడకబెట్టిన నీళ్లే మా హోళీ రంగు. పూలు రాలాక కొత్తాకు వస్తుంది, కాడకు మూడేసి. అది కాస్త ముదిరాక మా అమ్మా, ఇరుగుపొరుగు ఆడవాళ్లూ పొద్దున్నే వెళ్లి మూటలు కట్టుకొచ్చేవాళ్లు. నీడన ఆరబోసి, ముడుచుకుపోకుండా పైన బండ పెట్టి అణిచేవాళ్లు. మధ్యాహ్నం వంటలయ్యాక అరుగు మీద చేరి సన్నటి పుల్లలతో ఇస్తార్లు, అంటే విస్తళ్లు, కుట్టేవాళ్లు. నడుమ ఒక పెద్దాకు, దాని చుట్టూ ఐదో ఆరో. పుల్ల ఎక్కువ దూరం పోతే ఆకు చిరుగుతుంది, తక్కువ పోతే ఊడుతుంది. పచ్చిపులుసు పోసినా కారని ఇస్తారి కుట్టినామెకు ఊళ్లో పేరుండేది. కట్టలు కట్టి దూలానికి వేలాడదీస్తే అవసరం వచ్చేదాకా అలాగే ఉండేవి. వడ్డించే ముందు కాసిని నీళ్లు చల్లితే ఆకు మెత్తబడి మళ్లీ వాసన వచ్చేది. వేడన్నం పడగానే లేచే ఆ వాసన ఇప్పటికీ నా ముక్కులో ఉంది.

అన్ని చోట్లా మోదుగే కాదు. కోనసీమలో అరిటాకు పెరట్లోంచే వస్తుంది. తూర్పు కనుమల వెంట, శ్రీకాకుళం నుంచి గోదావరి ఏజెన్సీ దాకా అడ్డాకు. చెట్ల మీదికి పాకే పెద్ద తీగ అది. ఏనుగు చెవుల్లాంటి ఆకులు, ఒక్కోటి నడిమికి చీలి రెండు రెక్కలుగా ఉంటుంది. అడ్డతీగల అనే ఊరి పేరులోనే ఆ తీగ ఉంది. గిరిజన కుటుంబాలు ఆ ఆకు కోసి, కుట్టి, సంతకు తెచ్చి అమ్ముకుంటాయి. మన్యంలో ఎందరో ఆడవాళ్లకు చేతిలో నాలుగు రూపాయలు ఆడేది ఆ ఆకు వల్లే.

తిన్నాక ఆకు పెంటకుప్ప మీదికి వెళ్లేది. పేడతో, బూడిదతో కలిసి మాగి, తొలకరికి ముందు బండ్ల మీద పొలానికి చేరేది. ఆ చెత్తను ఎక్కడ పారెయ్యాలా అని ఊళ్లో ఎవరూ ఆలోచించాల్సిన అవసరం రాలేదు.

అయితే పాత కాలమంతా బంగారమని రాస్తే అది అబద్ధమవుతుంది. ఎంగిలి ఆకులు ఎవరు ఎత్తేవాళ్లు? బంతి లేచాక ఆ ఇస్తార్లు తీసే పని ఫలానా వాళ్లదని పుట్టుకతోనే రాసిపెట్టి ఉండేది. వాళ్లకు బంతిలో చోటుండేది కాదు. అందరూ తిన్నాక, గుంపుకు దూరంగా, గిన్నె పట్టుకుని నిలబడేవాళ్లు. గంగాళాలూ గుండిగలూ తోమేది కూడా వాళ్లే, లేదంటే ఇంటి ఆడవాళ్లు. చిన్నప్పుడు నేనది చూశాను, అడగలేదు. నా చుట్టూ ఎవరూ అడగలేదు.

టీ కొట్టు దగ్గరా అంతే. తెలుగు పల్లెల్లో రెండు గ్లాసుల పద్ధతి ఎంతకాలం నడిచిందో పెద్దవాళ్లను అడిగితే చెబుతారు. దళితులకు వేరే గ్లాసు, దాన్ని తాగినవాళ్లే కడిగి పెట్టాలి. పారేసే గ్లాసు వచ్చాక కొన్ని ఊళ్లలో ఆ గొడవ సద్దుమణిగింది. అందరికీ ఒకటే గ్లాసు, తాగి పడేస్తే సరి. కొన్ని ఊళ్లలో ఇంకో రకంగా మారింది, కొందరికి గాజు గ్లాసు, కొందరికి ప్లాస్టిక్ గ్లాసు. డిస్పోజబుల్ గ్లాసును తిట్టే ముందు ఈ చరిత్ర గుర్తుపెట్టుకోవాలి. కడిగి వాడే పద్ధతికి మళ్లీ వెళ్దామని మనం అన్నప్పుడు, ఆ గ్లాసు అందరికీ ఒకటే అయి ఉండాలి, కడిగే చేతికి కూలీ, గౌరవం రెండూ దక్కాలి. ఆ రెండూ లేకపోతే ఆ పచ్చదనం నాకొద్దు.

కాగితం కాని కాగితం

థర్మాకోల్ ప్లేటు మా వైపు పెళ్లిళ్లలోకి వచ్చిన కొత్తలో అందరికీ సంబరంగానే ఉండింది. ఆకు కుట్టే బాధ లేదు, బాసన్లు తోమే బాధ లేదు. కొడుకులు పట్నం పోయారు, కోడళ్లు ఉద్యోగాలకు పోతున్నారు, ఊళ్లో ఊరికే పని చేసే మనుషులు లేరు. లేకపోవడం మంచిదే. ఊరికే చేయించుకున్న రోజులు పోయాయి. కానీ డబ్బిచ్చి చేయించుకుందామని కూడా మనం అనుకోలేదు. ఆ డబ్బుతో ప్లేట్లు కొనేశాం.

2022 జూలై 1 నుంచి దేశమంతటా కొన్ని ఒక్కసారి వాడి పారేసే ప్లాస్టిక్ వస్తువుల తయారీ, అమ్మకం, వాడకం నిషేధం. ప్లాస్టిక్ ప్లేట్లు, గ్లాసులు, స్పూన్లు, ఫోర్కులు, స్ట్రాలు, ఐస్‌క్రీం పుల్లలు, చెవి పుల్లలు, అలంకరణకు వాడే థర్మాకోల్, మిఠాయి డబ్బాలకు చుట్టే పల్చటి పొర, 100 మైక్రాన్లకు తక్కువ మందం ఉన్న బ్యానర్లు అన్నీ ఆ జాబితాలో ఉన్నాయి. చేతి సంచుల మందం 2021 సెప్టెంబర్ 30 నుంచి 75 మైక్రాన్లకు, 2022 డిసెంబర్ 31 నుంచి 120 మైక్రాన్లకు తగ్గకూడదన్నారు. సంచి పల్చగా ఉంటే ఏరుకునేవాళ్లకు బరువు రాదు, ఎవరూ ఏరరు. గాలికి ఎగిరి కాలువలో పడుతుంది. మందంగా ఉంటే మనమైనా రెండోసారి వాడతాం, వాళ్లకైనా నాలుగు రూపాయలొస్తాయి. మందం నిబంధన వెనక ఉన్న ఆలోచన అది.

చట్టం వచ్చాక థర్మాకోల్ స్థానంలోకి కాగితం వచ్చింది. ఆకుపచ్చ రంగు అచ్చుతో, ఈనెలతో సహా అరిటాకులాగే కనిపించే ప్లేటు. దాన్ని నీళ్లలో నానబెట్టి గోరుతో గీకి చూడండి. పైన సన్నటి పొర లేస్తుంది, అది ప్లాస్టిక్. ఆ పొర లేకపోతే చారు పోయగానే కాగితం చిల్లుపడుతుంది. కాగితపు టీ కప్పు లోపల కూడా అలాంటి పొరే ఉంటుంది. ఖరగ్‌పూర్ ఐఐటీ పరిశోధకులు 2020లో ఆ కప్పులను పరీక్షించారు. 100 మిల్లీలీటర్ల వేడి నీళ్లు పోసి 15 నిమిషాలు ఉంచితే సుమారు 25 వేల సూక్ష్మ ప్లాస్టిక్ కణాలు అందులోకి దిగుతున్నాయని తేల్చారు. మనం చాయ్ తాగే వేడి, తాగే సమయం ఇంచుమించు అంతే. పొర అంటుకున్న కాగితాన్ని మామూలు కాగితంతో కలిపి మళ్లీ కాగితం చేయలేరు, ఎరువుకూ వేయలేరు. చివరికి ఆకు విస్తళ్లకు కూడా కొన్నిచోట్ల అడుగున ప్లాస్టిక్ పొర అంటించి అమ్ముతున్నారు. ఆకు పేరు చెప్పి కొనేటప్పుడు వెనక్కి తిప్పి చూసుకోవాలి.

హైదరాబాద్‌లో పాత ఇరానీ హోటళ్లలో ఇప్పటికీ పింగాణీ కప్పూ సాసరూ వస్తాయి. మధ్యాహ్నమైనా, అర్ధరాత్రయినా. ఇంత రద్దీ నగరంలో రోజూ అన్ని వేల కప్పులు కడుగుతూనే వాళ్ల వ్యాపారం నడుస్తోంది. లోపల ఒక మనిషి అదే పని మీద ఉంటాడు, ఆ పనికి జీతం ఉంటుంది. తీరిక లేదు కాబట్టి పారేసే కప్పు తప్పదని ఎవరన్నా అంటే నాకు ఆ హోటళ్లే గుర్తొస్తాయి.

గోడ అవతలి దారి

ఫంక్షన్ హాలు వెనక నుంచి ఆ కుప్ప ఎక్కడికి పోతుంది? హైదరాబాద్‌లో అయితే చివరి మజిలీ జవహర్‌నగర్. రోజుకు ఏడు వేల టన్నులకు పైగా చెత్త పుట్టే నగరం ఇది. జవహర్‌నగర్‌లో ఏళ్ల తరబడి పోగుపడిన కోటి టన్నులకు పైగా పాత చెత్తను కదల్చలేక, గుట్టగానే ఉంచి పైన పొరలు కప్పారు. గుట్ట లోపల కుళ్లిన అన్నం నుంచి దిగిన నల్లటి నీరు కింద ఉన్న మల్కారం చెరువును పాడుచేసింది. ఇప్పుడు ఆ నీటిని శుద్ధి చేయడానికే ప్రత్యేకంగా యంత్రాలు పెట్టాల్సి వచ్చింది. కొంత చెత్తను మండించి కరెంటు తీస్తున్నారు. తడి అన్నం కలిసిన చెత్త సరిగ్గా మండదు. పొయ్యి ఊదిన ప్రతి అమ్మకూ తెలిసిన విషయమే.

అన్నం పెరట్లో మాగితే ఎరువు. అదే అన్నం గాలి ఆడని గుట్ట అడుగున కుళ్లితే మీథేన్. ఇరవై ఏళ్ల లెక్కన చూస్తే అది బొగ్గుపులుసు వాయువు కన్నా ఎనభై రెట్లకు పైగా భూమిని వేడెక్కిస్తుంది. ఐక్యరాజ్యసమితి పర్యావరణ విభాగం 2024 నివేదిక ప్రకారం మన దేశంలో ఇళ్లలో వృథా అయ్యే ఆహారం మనిషికి ఏడాదికి 55 కిలోలు. పెళ్లిళ్లలో పారబోసేది అందులో లేదు, అది ఇంటి వంటగది లెక్క మాత్రమే.

ఏది తియ్యాలని ఆ పొద్దున సీసాలు ఏరుకునే ఆమె అడిగిన ప్రశ్నలో ఉన్న చిక్కు ఇదే. అన్నం అంటిన ప్లాస్టిక్‌ను పాత సామాన్ల కొట్టువాడు తీసుకోడు. ప్లాస్టిక్ కలిసిన అన్నాన్ని ఎరువు చేసేవాళ్లు తీసుకోరు. విడివిడిగా రెండూ ఎవరికో ఒకరికి పనికొచ్చేవే. కలిపిన క్షణంలో రెండూ చెడతాయి. కలపడానికి మనకు పట్టేది ఒక్క విసురు. విడదీయడానికి ఆమెకు పూటంతా పడుతుంది.

ఆవుల మాట రాయడానికి నాకు మనసు రావడం లేదు, అయినా రాయాలి. అన్నం వాసనకు ఆవు సంచిని సంచిలాగే మింగేస్తుంది. అది అరగదు, బయటికి రాదు. పొట్టలో ముద్దకట్టి గట్టిపడుతుంది. ఆవుకు కడుపు నిండినట్టే అనిపించి మేత మానేస్తుంది. చూసేవాళ్లకు పొట్ట ఉబ్బి నిండుగానే కనిపిస్తుంది, లోపల ఆకలితో చస్తూ ఉంటుంది. పుట్టపర్తిలోని కరుణ సొసైటీ అనే జంతు సంరక్షణ సంస్థలో వీధి ఆవులకు ఆపరేషన్లు చేస్తూ ఒకే ఆవు కడుపులోంచి 53 కిలోల ప్లాస్టిక్ తీశారు. ఆ ఆవుల మీద 2012లో ఒక డాక్యుమెంటరీ వచ్చింది. ఆ సంస్థ మరికొందరితో కలిసి అదే ఏడు సుప్రీంకోర్టుకూ వెళ్లింది. గోవును పూజించే ఇళ్ల నుంచే ఆ సంచులు వెళ్లాయి. మా పెళ్లి కుప్పలో మూతి పెట్టిన ఆ రెండు ఆవులను తరిమింది ఆ ఏరుకునే ఆమే, నేను కాదు.

సూర్యాపేట ఒకప్పుడు చేసి చూపింది

ఇదంతా మనవల్ల కాదని అనేవాళ్లకు నేను సూర్యాపేట సంగతి చెబుతాను. 2003 ప్రాంతంలో, అప్పటి ఉమ్మడి నల్గొండ జిల్లాలో, లక్ష దాటిన జనాభా ఉన్న ఆ పట్టణం వీధుల్లోంచి చెత్తకుండీలన్నీ తీసేసింది. విన్నవాళ్లు మొదట తప్పుగా విన్నామనుకున్నారు. కుండీలు పెంచాలి గానీ తీసేయడమేమిటి? కమిషనర్ ఖాదర్ సాహెబ్ ఆలోచన వేరు. కుండీ ఉన్నంతకాలం జనం అన్నీ కలిపి ఒక్క చోట విసిరేస్తారు. కుండీ లేకపోతే బండి గుమ్మంలోకి వచ్చేదాకా ఆగాలి, తడీ పొడీ వేరుగా చేతికివ్వాలి. ఇచ్చే మనిషికీ పుచ్చుకునే మనిషికీ ముఖాముఖి ఉంటుంది. కలిపి ఇస్తే అక్కడికక్కడే అడుగుతారు. తడి చెత్త వానపాముల ఎరువైంది, పొడి చెత్త అమ్ముడుపోయింది. ఇతర ఊళ్ల మున్సిపాలిటీల వాళ్లు బస్సులెక్కి వచ్చి చూసి వెళ్లారు.

ఆ రోజుల్లో పట్టణంలో ఉన్న మా పిన్ని ఒక మాట చెప్పేది. "బండి ఏ యాళకు వస్తదో మాకు తెల్సు బిడ్డా, గందుకే వేరు చేసి పెట్టేటోళ్లం." పెద్ద పెద్ద నివేదికల్లో కూడా ఇంతకన్నా పనికొచ్చే మాట నాకు దొరకలేదు. టైముకు వచ్చే బండి ఉంటే జనం మారతారు. రాని బండి కోసం ఎవరూ రెండు డబ్బాలు పెట్టుకోరు. 2016 నాటి ఘన వ్యర్థాల నిబంధనలు తడి, పొడి, ఇంటి ప్రమాదకర చెత్తలను ఇంట్లోనే వేరు చేయాలన్నాయి. హైదరాబాద్‌లో ఆకుపచ్చ, నీలం డబ్బాలు లక్షల ఇళ్లకు పంచారు. మా అపార్టుమెంటులో చాలామంది వాటిలో బియ్యం పోసుకున్నారు, కొందరు తులసి మొక్క పెట్టుకున్నారు. డబ్బా ఇంటికి వచ్చినంత తేలిగ్గా అలవాటు రాదు.

మా ఇంట్లో అలవాటు అయింది ఇలా. కూరగాయ తొక్కలు, చాయ్‌పత్తి, వాడిన పూలు అడుగున చిల్లులున్న పాత బకెట్లో వేస్తాను. ప్రతి పొరమీదా రెండు గుప్పెళ్ల ఎండుటాకులు. వాసన వస్తే నీళ్లెక్కువైనట్టు, ఇంకాస్త ఎండాకు వేస్తే సరి. చీమలు పట్టాయంటే ఎండిపోయింది, కాస్త నీళ్లు చల్లాలి. పుల్లటి మజ్జిగ చుక్క వేస్తే తొందరగా మాగుతుంది. నలభై, యాభై రోజులకు నల్లటి మట్టి, వాన పడ్డ పొలం వాసన. మొదటి నెల పురుగులు కనిపించి భయపడ్డాను. మా అమ్మ చూసి, "పెంటకుప్పల పురుగులుండవా? దాని పని అది చేస్కుంటది" అంది. పట్నం వచ్చి ముప్పై ఏళ్లయ్యాక మా అయిదో అంతస్తు బాల్కనీలో ఒక పెంటకుప్ప మొదలైంది. ఇప్పుడు మా ఇంటి నుంచి మున్సిపల్ బండికి వెళ్లే చెత్త మునుపటితో పోలిస్తే సగం కూడా లేదు.

ఇంటి బయట అలవాటు ఎలా మారుతుందో చెప్పడానికి తిరుమల గురించి ఒక్క మాట. 2022 జూన్ 1 నుంచి కొండ మీద ప్లాస్టిక్ పూర్తిగా నిషేధం. నీళ్లు గాజు సీసాల్లో అమ్ముతారు, సీసా తిరిగిస్తే దాని డబ్బు తిరిగి వస్తుంది. రోజూ వేలకు వేల మంది వచ్చే చోట అది నడుస్తోంది. కొండ మీద గాజు సీసా జాగ్రత్తగా పట్టుకుని తిరిగిన మనిషే కిందికి దిగగానే బస్టాండులో ప్లాస్టిక్ సీసా కొనుక్కుంటాడు. మనిషి ఒకడే. అక్కడ సీసా తిరిగి తీసుకునే చేయి ఒకటి ఉంది, ఇక్కడ లేదు.

రెండు వందల కంచాలు

సిద్దిపేట జిల్లాలో స్టీల్ బ్యాంకు అనే పద్ధతి ఉంది. ఊరికి సరిపడా స్టీలు పళ్లేలు, గ్లాసులు, గిన్నెలు, గరిటెలు ఒకచోట ఉంటాయి. మహిళా సంఘాల వాళ్లు చూసుకుంటారు. ఎవరింట్లో ఫంక్షనయినా తక్కువ కిరాయికి తీసుకెళ్లి తిరిగి అప్పగించాలి. విన్నప్పుడు కొత్తగా అనిపించలేదు. వెనకట ఊరి గుండిగలు, గంగాళాలు కూడా అందరివీ కలిపి ఒకచోటే ఉండేవి. కొత్తదనమంతా కిరాయి లెక్కలోనూ, ఆ డబ్బు ఎవరి చేతికి వెళ్తుందన్న దానిలోనూ ఉంది.

ఈలోగా అక్క కూతురికి పాప పుట్టింది. ఇరవై ఒకటో దినానికి రెండు వందల మందిని పిలుద్దామన్నారు. ఈసారి కంచాల సంగతి నేను చూసుకుంటానన్నాను. బావ అనుమానంగా చూశాడు. "బాగనే ఉంటది, కానీ కడిగేదెవ్వరు?" అన్నాడు. అక్క ఆయన వైపు చూసింది. "మేము మాత్రం కాదు" అంది. ఆ మాట నాకు చాలా నచ్చింది. అక్కడే అసలు పని మొదలైంది.

పక్క ఊరి మహిళా సంఘం దగ్గర రెండు వందల స్టీలు పళ్లేలు, రెండు వందల గ్లాసులు, నూట యాభై చిన్న గిన్నెలు కిరాయికి మాట్లాడాం. కడగడానికి నలుగురిని మాట్లాడమంటే సంఘం ఆమె, "కిరాయి వేరు, కడుగుడు కూలి వేరు. తోమేటోళ్లు గూడ అందరితోని కూసొనే తింటరు, గది ముందే ఒప్పుకోవాలె" అంది. ఒప్పుకున్నాం. పెళ్లికి కొన్న డిస్పోజబుల్ సామాను బిల్లు అక్క దాచిపెట్టింది. తలకింతని రెండు లెక్కలూ పక్కపక్కన వేసి చూశాం. కూలీతో కలిపినా తేడా మనిషికి మూడు రూపాయలు, ఈ పద్ధతే ఎక్కువ. ఆ మూడు రూపాయలూ ఆ ఆడవాళ్ల చేతికే వెళ్లాయి.

అన్నీ సజావుగా సాగాయని చెప్పను. మొదటి బంతికి గ్లాసులు తడిగానే వచ్చాయి, మా మేనత్త కొంగుతో తుడుచుకుంది. కడిగే చోట నేల చదునుగా లేక నీళ్లు వంటల వైపు పారాయి. బావ పార తెచ్చి కాలువ తీశాడు. నీళ్లు వృథా కావా అని ఒక తమ్ముడు వరసయ్యే అబ్బాయి అడిగాడు. అడగాల్సిన ప్రశ్నే. పళ్లేలు పంపు కింద పెట్టి కడిగితే నిజంగానే చాలా నీళ్లు పోతాయి. అందుకే వరుసగా మూడు టబ్బులు పెట్టాం. ఎవరి పళ్లెంలో మిగిలింది వాళ్లే డబ్బాలోకి గీకి వేయాలి. మొదటి టబ్బులో నానడం, రెండోదాంట్లో తోమడం, మూడోదాంట్లో వేడి నీళ్లలో ముంచి తీయడం. మొదటి టబ్బు నీళ్లు మురికయితే కొబ్బరి చెట్టుకు, రెండో టబ్బు మొదటిదిగా మారుతుంది. రెండు వందల పళ్లేలకు రెండు డ్రమ్ముల నీళ్లు సరిపోయాయి.

నేను అనుకోనిది ఇంకొకటి జరిగింది. ఎవరి మిగులు వాళ్లే గీకి వేయాలనేసరికి రెండో బంతిలో పళ్లేలు దాదాపు ఖాళీగా వచ్చాయి. నలుగురు చూస్తుండగా లడ్డూ డబ్బాలో వేయడానికి చెయ్యి రాదు. పిల్లలు ఒకరి పళ్లెం ఒకరు చూసుకుని నాదే శుభ్రంగా ఉందంటూ పోటీ పడ్డారు. రోజంతా మిగిలింది ఒక్క బకెట్ అన్నం, కూర. సాయంత్రం బర్రెల దొడ్డికి పంపాం. కుప్పగా పోయడానికి మా దగ్గర ఏమీ లేదు. చివరి బంతిలో తోమిన నలుగురూ కూర్చున్నారు, బావ వడ్డించాడు. వాళ్లు తిన్న పళ్లేలు మా మేనల్లుళ్లు ఇద్దరు కడిగారు. ఒకడు సబ్బు సరిగ్గా వదలలేదని సంఘం ఆమె రెండు పళ్లేలు వెనక్కి పంపి మళ్లీ కడిగించింది.

చీకటి పడ్డాక సామాను లెక్కపెట్టి అప్పగించాలి. పదేసి పళ్లేలు పేర్చి లెక్కపెట్టాం. రెండు వందల ఒకటి వచ్చాయి. మళ్లీ లెక్కపెట్టినా అంతే. సంఘం ఆమె ఒక్కో పళ్లెం దీపం దగ్గర తిప్పి అంచు చూస్తూ పోయింది. అన్నింటి మీదా వాళ్ల సంఘం గుర్తు చెక్కి ఉంటుంది. అడుగున ఉన్న ఒకదాన్ని తీసి నా చేతిలో పెట్టి, "ఇది మాది కాదక్కా" అంది.

మిగతావాటి కన్నా బరువుగా ఉంది. అంచు చుట్టూ మా అమ్మ పేరు, పక్కన 1974. పెళ్లికి పుట్టింటివాళ్లు పెట్టిన పళ్లెం. లోపలికి వెళ్లి అడిగితే, పాపను ఒళ్లో వేసుకుని జోకొడుతున్న అమ్మ తలెత్తకుండానే చెప్పింది. "అటక మీద ఉండె. కడిగేటోళ్లు ఉన్నరంటివి గదా అని తెచ్చుకుని గండ్ల తిన్న."